మా ఇంట్లో కాంభోజి

సంగీతంలో మీకేం ఇష్టమండీ అని ఎవరైనా అడిగితే నేను తిన్నగా జవాబు చెప్పలేను. మాటలున్న పాట నాకు అంతగా ఎక్కదు. ఎంత మంచి గొంతయినా సరే, పల్లవి రెండోసారి వచ్చేసరికి నా మనసు పొయ్యి మీది పాల మీదికో, దండెం మీది బట్టల మీదికో పోతుంది. అదే సన్నాయి మీద ఎవరైనా ఒక రాగం ఎత్తుకుని, మాటా తాళమూ లేకుండా తోచినంతసేపు దాని చుట్టూ తిరుగుతూ ఉంటే, పొయ్యి కట్టేసి మరీ కూర్చుంటాను. మా కోడలు దీన్ని అత్తమ్మ పెళ్ళి మ్యూజిక్ అంటుంది. ఇంట్లో సన్నాయి మోగుతుంటే, భోజనాలు ఎప్పుడు పెడతారని అడిగి నవ్వుతుంది. మా తమ్ముడు జానీ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. రేపల్లెలో వాడికి సౌండ్ సిస్టమ్ వ్యాపారం. పెద్ద పెద్ద బాక్సుల్లోంచి డ్రమ్ము వచ్చి గుండెల మీద గుద్దితేనే వాడికి అది సంగీతం. సన్నాయి వినపడితే టీవీలోనైనా సరే ఛానల్ మార్చేస్తాడు. ఒకే చాప మీద పడుకుని, రోజూ ఒకే సన్నాయికి నిద్ర లేచిన ఇద్దరికి ఇంత తేడా ఎలా వచ్చిందని అడిగినవాళ్ళకి, ఎవరి ఇష్టం వాళ్ళదండి అని చెప్పి తప్పించుకునేదాన్ని. నిజానికి ఇష్టాలు ఊరికే రావు. మా ఇద్దరివీ ఒకే పెళ్ళిలోంచి వచ్చాయి. ఆ పెళ్ళికూతురు వరలక్ష్మి మొన్నీమధ్య బాపట్లలో మా ఇంటికి వచ్చి వెళ్ళింది. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

మాది తెనాలిలో కాలువ పక్కన ఒక సందు. మా నాన్న నాగూరు సాహెబు సన్నాయి విద్వాంసుడు. ఆయన తండ్రీ, తాతా కూడా అదే పని చేశారు. నాన్న తెల్లవారుజాము నమాజు చదువుకుని వచ్చి, టోపీ తీసి మేకుకి తగిలించి, వసారాలో చాప పరుచుకుని కూర్చునేవారు. ముందు గ్లాసులో నీళ్ళు పోసి సన్నాయి పీక నానేసేవారు. అది మెత్తబడేలోపు అమ్మ టీ ఇవ్వాలి. ఆ టీలో అల్లం తగలకపోతే ఆ రోజు శ్రుతి కుదరలేదని వంక పెట్టేవారు. తర్వాత సాధన. త్యాగరాజ కీర్తనలన్నీ మాకు నోటికి రావడానికి కారణం అదే. సాయిబుల ఇంట్లో రాముడి కీర్తనలేమిటని అడిగినవాళ్ళు ఎప్పుడూ బయటివాళ్ళే. మాకెవరికీ అది వింతగా తోచలేదు. కొండపల్లిలో బొమ్మలు చేసేవాడి పిల్లలకి కొయ్య వింతగా ఉంటుందా? వసారా అంతా కొబ్బరినూనె వాసన. సన్నాయి కర్ర ఎండిపోకుండా నాన్న దానికి నూనె పట్టించేవారు. ఆ గుడ్డతోనే అమ్మ మా జుట్టుకి కూడా రాసేసేదని జానీ ఇప్పటికీ అంటాడు, అది అబద్ధం. నాన్న సాధన పూర్తయ్యేదాకా ఇంట్లో రేడియో పెట్టకూడదు, గిన్నెలు చప్పుడు చేయకూడదు, ముఖ్యంగా ఏడవకూడదు. అమ్మకి ఈ సంగీతమంటే పెద్దగా ఇష్టం లేదు. ఆవిడకి రేడియోలో మధ్యాహ్నం వచ్చే సినిమా పాటలు, అవీ హుషారైనవే కావాలి. పొద్దున్నంతా నోరు మూసుకుని పని చేసిన మనిషికి మధ్యాహ్నమైనా హుషారు కావాలి కదా అని ఇప్పుడు అర్థమవుతుంది.

పెళ్ళి మేళం వాయించేవాళ్ళకి ఒక కష్టం ఉంది, చూసేవాళ్ళకి అది తెలియదు. తాళి కట్టే వేళకి తుమ్ములు, దగ్గులు, ఎవరి నోటి నుంచైనా జారే చెడ్డమాట పెళ్ళికూతురి చెవిన పడకూడదు. అందుకని పురోహితుడు చెయ్యెత్తి భజంత్రీలు అనగానే సన్నాయి, డోలు కలిసి ఒక్కసారిగా గట్టిమేళం అందుకోవాలి. అప్పటిదాకా ఏం వాయిస్తున్నా, ఎంత మంచి చోట ఉన్నా, అక్కడికక్కడే తెంపెయ్యాలి. రాగానికి ముహూర్తంతో పని లేదు. అది తన తీరిక చూసుకుని ఎక్కుతుంది, దిగుతుంది. ముహూర్తం మాత్రం ఆగదు. అందువల్ల నాన్న పెళ్ళిళ్ళలో ఏనాడూ ఒక రాగాన్ని చివరిదాకా తీసుకెళ్ళింది లేదు. మర్నాడు పొద్దున్న, నిన్న తెగిపోయిన చోటు నుంచి ఎత్తుకుని వసారాలో కూర్చుని పూర్తి చేసేవారు. అలా తెగినది ముగించకుండా ఆయనకి అన్నం సయించేది కాదు. మేం పిల్లలం ఆ వాయింపుని బట్టే నిన్న పెళ్ళి ఎలా జరిగిందో చెప్పేవాళ్ళం. తొందరగా ముగిస్తే మామూలు పెళ్ళి. మా టిఫిన్ వేళ దాటిపోయినా ఇంకా వాయిస్తున్నారంటే, పాపం మంచి చోట ఆపేయించారన్నమాట.

వరలక్ష్మి వాళ్ళది మా వెనక వీధి, బియ్యం కొట్టు వాళ్ళమ్మాయి. నేనూ తనూ ఒకే క్లాసు. నన్ను బడికి పిలవడానికని ముందుగా వచ్చి, వసారా మెట్టు మీద పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను తయారై వచ్చి భుజం తట్టినా లేచేది కాదు. దాని వల్ల బడి గేటు దగ్గర నేను తిన్న చీవాట్లు ఇన్నీ అన్నీ కావు. తనకి కాంభోజి రాగం ఇష్టం. పేరు తెలియక ముందు అమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ నెమ్మదిగా పైకెళ్ళేది ఎప్పుడు వాయిస్తారండీ అని అడిగేది. నాన్న వింటూనే విననట్టు ఊరుకుని మర్నాడు అదే ఎత్తుకునేవారు. మా ఇద్దరు పిల్లల్లో ఎవరికోసమూ ఆయన అలా వాయించగా నేను చూడలేదు. నాకు కొంచెం కుళ్ళుగా ఉండేది. కానీ కాంభోజి నాకూ అక్కడే పట్టుకుంది, తన పక్కన మెట్టు మీద కూర్చుని, బడికి టైమైపోతోందని విసుక్కుంటూ.

కాలేజీ చదువు పూర్తికాకుండానే వరలక్ష్మికి కాకుమాను సంబంధం కుదిరింది. పొలాలున్న పెద్ద కుటుంబం. మేళం కుదుర్చుకునే తాంబూలం మా ఇంటికే వచ్చింది. ముహూర్తం పగటిపూట, తెనాలిలో వాళ్ళ ఇంటి ముందే పందిరి. నేను వరలక్ష్మి వెనక నిలబడి, జడ మీది పూలు జారకుండా పట్టుకుని ఉన్నాను. నాన్న పందిరి వారన కూర్చుని కాంభోజి ఎత్తుకున్నారు. పక్కన డోలు మీద మా మేనమామ మస్తాన్. వరలక్ష్మి అడిగిందని కాదు, తనకి ఇష్టమని అందరికంటే నాన్నకే తెలుసు. నేను చాలా పెళ్ళిళ్ళలో నాన్న సన్నాయి విన్నాను, ఆ రోజు వాయించినట్టు ఎప్పుడూ వినలేదు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. పురోహితుడు చెయ్యెత్తి భజంత్రీలు అన్నాడు. గట్టిమేళం రాలేదు. ఆయన మళ్ళీ, ఈసారి గొంతు పెంచి అన్నాడు. అప్పటికీ సన్నాయి తన దారిన తను దిగుతూనే ఉంది. పెళ్ళికొడుకు తాళి కట్టేశాడు. అక్షింతలు పడ్డాయి. ఆ నెమ్మదిలో ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో తుమ్మడం పందిరంతా వినపడింది. ఆ తర్వాత గట్టిమేళం మోగింది, అప్పుడు మోగి ఏం లాభం?

పెళ్ళికొడుకు పెదనాన్న లేచి నాన్న మీదికి వచ్చాడు. తాగి వచ్చావా అన్నాడు, మా పిల్లాడికి ఏదన్నా అయితే ఎవడిది పూచీ అన్నాడు. మస్తాన్ మామ ఏదో చెప్పబోయాడు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపి, లేచి నిలబడి చేతులు జోడించారు. "పొరపాటు నాదేనండి. నాకు వినపళ్ళేదు," అన్నారు. అంతే. ఇంటికి వచ్చాక అమ్మ అడిగినా ఆ రెండు మాటలే చెప్పారు.

వినపడలేదన్న మాట మాత్రం ఊరంతటికీ వినపడింది. నాగూరు సాహెబుకి చెవులు పోయాయన్నారు. కళ్ళు మూసుకుని తన లోకంలో ఉంటాడు, ముహూర్తానికి పనికిరాడన్నారు. మేళం వాయించేవాడికి అంతకంటే చెడ్డపేరు లేదు, అపశ్రుతి పలికినా క్షమిస్తారు గానీ. పెళ్ళి తాంబూలాలు రావడం తగ్గిపోయి, చివరికి ఆగిపోయాయి. మిగిలింది గుళ్ళో సాయంత్రం వాయింపు, ఉత్సవాలు. వాటితో ఇల్లు గడవడమెలాగో అమ్మకి తెలుసు. మా ఇంట్లో రెండో పూట వంట మానేసిన రోజులు అవి. ఇరుగుపొరుగు మాటలు పట్టించుకోని అమ్మ కూడా నాన్న వెనక నిలబడి, చిన్న గొంతుతో వేణ్ణీళ్ళు కాగాయని చెప్పి చూసేది. కావాలని చెంచా జారవిడిచి చూసేది. ఒక్కోసారి ఆయన తిరిగేవారు, ఒక్కోసారి తిరిగేవారు కాదు. నాకు మాత్రం సందేహంగానే ఉండేది. పక్కింటి రేడియోలో ఎవరో వీణ వాయిస్తుంటే, ఆ మూడో తీగ దించుకోవాలి అని అన్నం తింటూ గొణిగిన మనిషికి వినపడకపోవడమేమిటి? అడిగితే, నీకెందుకే మీరా, చదువుకో అనేవారు. ఆ పెళ్ళి తర్వాత మా వసారాలో కాంభోజి మళ్ళీ వినపడలేదు. మిగతావన్నీ వాయించేవారు.

జానీ అప్పుడు సన్నాయి నేర్చుకుంటున్నాడు. చెయ్యి బాగానే తిరుగుతోందని మస్తాన్ మామ అనేవాడు. ఉత్సవాలకి వెళ్తే మిగతా మేళాల పిల్లలు వాణ్ణి చెవిటి మేళం అని పిలిచేవారు. మామూలుగా ఎవర్నైనా ఆటపట్టించే మాటే అది. వాడికి మాత్రం తండ్రి పేరుగా తగులుకుంది. ఒక రోజు కొలకలూరు ఉత్సవం నుంచి వచ్చి, సన్నాయిని దాని గుడ్డ సంచిలో పెట్టి నాన్న ముందు ఉంచి, ఇంక నేను పట్టుకోనని చెప్పాడు. కారణం అడిగితే, పనిలో ఉండి పిలుపు వినపడని విద్య నాకొద్దన్నాడు. నాన్న ఆ సంచి తీసి మేకుకి తగిలించారు. జానీ బ్యాండ్ పార్టీలో చేరి డ్రమ్ము కొట్టాడు, తర్వాత రేపల్లె వెళ్ళి మైకులు, బాక్సులు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. ఊరి చివరిదాకా వినపడే చప్పుడంటే వాడికి ఎందుకంత ఇష్టమో నాకు చెప్పనక్కర్లేదు. తండ్రితో మాట్లాడటం మానలేదు, పండక్కి బట్టలు తెచ్చేవాడు, ఆస్పత్రులకి తిప్పాడు. కానీ ఆయనతో మాట్లాడేటప్పుడు గొంతు పెంచి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడగొట్టి మాట్లాడేవాడు. అది నాకు భరించరానిదిగా ఉండేది. నాన్న మాత్రం ఆఁ, ఆఁ అని తలూపేవారు. ఆయన పోయేదాకా అలాగే సాగింది.

నాకు బాపట్లలో టీచరు ఉద్యోగం వచ్చాక, మొదటి జీతాలతో ఇల్లు కుదుటపడ్డాక, ఒక టేప్ రికార్డరు కొనుక్కున్నాను. మా ఇంట్లో ఆగిపోయిన రాగాన్ని పరాయివాళ్ళ సన్నాయిల్లో వెతుక్కోవడం అప్పుడే మొదలైంది. నాన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఆ క్యాసెట్లు పెట్టేదాన్ని కాదు, దాచేసేదాన్ని. ఇప్పుడు ఫోన్లో కావలసినన్ని దొరుకుతాయి. మధ్యలో ఏదో సబ్బు ప్రకటన వచ్చి తెంపేస్తుంది, అదొక్కటే బాధ. పెళ్ళిళ్ళలో మేళం ఉన్నా లేకపోయినా ఒకటే అయింది. ఫంక్షన్ హాల్లో ఫొటోగ్రాఫర్ వేలెత్తి సైగ చేస్తే, సౌండ్ దగ్గర కూర్చున్న కుర్రాడు మీట నొక్కుతాడు, గట్టిమేళం బాక్సుల్లోంచి ఉరుముతుంది. జానీ కుర్రాళ్ళే చాలాచోట్ల ఆ పని చేస్తారు. ఇప్పటిదాకా ఒక్క ముహూర్తం తప్పలేదని వాడు గర్వంగా చెబుతాడు. తప్పడానికి అందులో ఏముందని నేను అడగను. వాడు ఆ మాట ఎవరిని ఉద్దేశించి అంటాడో నాకు తెలుసు గనక.

వరలక్ష్మిని కంటి డాక్టరు దగ్గర చూశాను. ముందు తనే గుర్తుపట్టింది. భర్త పోయి ఏడాది దాటిందట, బాపట్లలో కూతురి దగ్గర ఉంటోందట. మర్నాడే మా ఇంటికి వచ్చింది. టీలో అల్లం వేశాను. కాసేపు మోకాళ్ళ గురించి, మందుల గురించి మాట్లాడుకున్నాం. అప్పటిదాకా నేను పెళ్ళి సంగతి ఎత్తలేదు. తనే, మీ నాన్న కాంభోజి ఇప్పటికీ నా చెవుల్లో ఉందే మీరా, అంది. దాని వల్లేగా ఆయనకి ఆ రోజు వినపడలేదు, అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. వరలక్ష్మి నా మొహం చూసి, నీకు తెలియదా అని అడిగింది. ఏంటి తెలియనిది అన్నాను.

"వినపడకపోవడం ఏంటే. శాస్త్రిగారు భజంత్రీలు అనంగానే మస్తాన్ మామ పుల్ల ఎత్తాడు. నేను తలొంచుకునే ఇట్టా అడ్డంగా ఊపా, ఆపొద్దని. మీ నాన్న కళ్ళేం మూసుకోలా, నన్నే చూస్తన్నారు. మోకాలితో మామ డోలుని తట్టి ఆపారు. నేను తాళి కట్టించుకునేప్పటికి కాంభోజి నిదానంగా దిగి పూర్తయింది. నువ్వు నా వెనకాల ఉన్నావుగా, నీకు కనపళ్ళా."

నేను జడ పట్టుకుని ఉన్నాను. నాకు కనిపించింది పూలే. వరలక్ష్మి ఇంకా చెప్పింది. పెళ్ళికొడుకు పెదనాన్న కేకలేస్తున్నప్పుడు తను నోరు తెరవబోయిందట. నాన్న అటు తిరక్కుండానే, పొరపాటు నాదేనండి అన్నారట. కొత్త పెళ్ళికూతురు గట్టిమేళం ఆపించిందని తెలిస్తే ఆ ఇంట్లో దాని బతుకు ఎలా ఉండేదో ఆయనకి తెలుసు. పెళ్ళిచూపుల దగ్గర్నుంచి చీర రంగుదాకా తనని ఎవరూ ఏదీ అడగలేదని, ఆ పెళ్ళి మొత్తంలో తను కావాలని అడిగింది, దొరికింది అదొక్కటేనని చెప్పింది. భర్త చెడ్డవాడు కాదట. కాకపోతే ఆయన ఇంటికి వచ్చే వేళకి రేడియో కట్టేయాలట. కష్టం వచ్చినప్పుడల్లా ఆ కాంభోజిని మొదటి నుంచి చివరిదాకా మనసులో వాయించుకునేదాన్నని చెప్పి, చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది.

నాకు ముందు కోపం వచ్చింది. తన మీద, అంతకంటే ఎక్కువగా నాన్న మీద. అమ్మకైనా చెప్పి ఉండొచ్చు. వెనక నిలబడి చెంచాలు జారవిడిచిన ఆ మనిషికి, భర్త చెవుల కోసం దర్గాలో మొక్కుకున్న మనిషికి, ఒక్క మాట. మస్తాన్ మామ కూడా నోరు విప్పకుండానే పోయాడు. కొడుకు సన్నాయి తెచ్చి ముందు పెట్టిన రోజైనా చెప్పి ఉండొచ్చు. మా ఇంట్లో ఎవరికి చెప్పినా కాలువ దాటి వెనక వీధికి, అక్కణ్ణుంచి కాకుమానుకి చేరుతుందని భయపడ్డారేమో. చెప్పకపోవడమే మంచిదయిందేమో. ఆయన లెక్క ఆయనకి ఉండే ఉంటుంది, కానీ దాని కింద నలిగింది మేం.

"తర్వాత మీకేం ఇబ్బంది రాలేదు కదే?" అని అడిగింది వరలక్ష్మి. "మా పెదమామది నోటిదురుసు. నన్ను కాకుమాను తీసుకుపోయాక మీ కబుర్లేం తెలియలా."

చెప్పాలనే అనిపించింది. తాంబూలాలు ఆగిపోయిన సంగతి, రెండో పూట వంట సంగతి, జానీ సంగతి, అన్నీ నాలుక మీదికి వచ్చాయి. నాన్నకున్నంత మనసు నాకు లేదు, ఆ విషయంలో నాకు భ్రమలేం లేవు. కానీ ఎదురుగా కూర్చున్నది కంటికి ఆపరేషన్ చేయించుకోబోతున్న మనిషి, తన జీవితంలో అడిగి తెచ్చుకున్నది ఒకే ఒక్కటి. దానికి మేం చెల్లించిన వెల ఇప్పుడు చెబితే, ఇక ఆ కాంభోజి తనకి మిగలదు. ఏం రాలేదే, నాలుగు రోజులు అనుకున్నారు, మర్చిపోయారు, అన్నాను. వరలక్ష్మి హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలింది. ఇంకో టీ అడిగింది. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

తను వెళ్ళగానే రేపల్లెకి ఫోన్ చేశాను. జానీ ఏదో ఫంక్షన్ హాల్లో ఉన్నట్టున్నాడు, వెనక బాక్సులు దద్దరిల్లుతున్నాయి. వరలక్ష్మి వచ్చిందని, ఇలా చెప్పిందని, నేను గట్టిగా అరుస్తూ రెండు మాటల్లో చెప్పాను. ఆ మోతలో ఎంతవరకు అందిందో తెలియలేదు. లైను తెగిపోయిందేమోనని హలో హలో అన్నాను.

"అయితే నాన్నకి వినపడిందా?" అన్నాడు.

"వినపడిందిరా," అన్నాను.

పక్కనున్నవాళ్ళని ఏదో కసిరాడు. బాక్సులు ఒక్కసారిగా ఆగిపోయాయి. "మొదట్నుంచి చెప్పక్కా," అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి నుంచి చెప్పాను.